ఆదివారం గోడలు చూడ్డానికి వెళ్దాం

అందరికీ నమస్తే 🙏
ఈ ఆదివారం ఉదయం 6:30కి చార్మినార్ దగ్గర కలుద్దాం. ఎండ ముదరకముందే పాతబస్తీ సందుల్లో గోడలు చూసి, అక్కడే కూర్చుని గీద్దాం.

వచ్చేముందు స్పెయిన్ చిత్రకారుడు ఆంతోని తాపియస్ బొమ్మలు నాలుగైనా చూసి రండి. 1923లో బార్సిలోనాలో పుట్టాడు. ఆ ఊరి పాత గోడలే ఆయనకి బడి. రంగులో పాలరాతి పొడి కలిపి మందంగా మెత్తి, దాన్ని గీరేవాడు. అక్కడివాళ్ల కాటలాన్ భాషలో ఆయన ఇంటిపేరుకి అర్థం కూడా గోడలనే!

మందపాటి అట్ట, ఫెవికాల్, జల్లించిన ఇసుక గుప్పెడు, గీరడానికి పాత దువ్వెన తెచ్చుకోండి. మంచినీళ్లు కూడా.

సున్నం పెచ్చు ఊడినచోట దగ్గరగా చూడండి, కింద పాత నీలం కనిపిస్తుంది. నాకు అదే ప్రాణం. పెచ్చులు మాత్రం పీకొద్దు, ఇంటివాళ్లని అడిగే ఫొటో తీయండి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి.