నాన్న పేస్‌మేకర్ వైర్ల గురించి అమ్మకు

లీసెస్టర్

అమ్మా,

నిన్న ఫోన్లో నాన్న పక్కనే ఉన్నారని సగం మాటలు మింగేశాను, అందుకే రాస్తున్నా. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. ఆఫీసు మామూలే.

నువ్వు పంపిన ఫొటో చూశాను. భుజం కింద ఆ ఎరుపు, చర్మం పలచబడి పేస్‌మేకర్ పెట్టె అంచు తెలుస్తుండటం, ఆ చెమ్మ... అది సెగగడ్డ కాదు, పెట్టె చుట్టూ క్రిములు చేరినట్టే. పసుపు పెట్టకు. మన డాక్టరుగారు సూదితో చీము లాగేస్తానంటే వద్దని చెప్పు. ఆయన మంచివాడే, కాదనను, కానీ అలా గుచ్చితే లేని క్రిములు కూడా లోపలికి పోతాయి.

మాత్రలతో తగ్గిందిగా అన్నావు. పైకి తగ్గినట్టే ఉంటుందమ్మా. క్రిములు పెట్టె మీదా, దాన్నుంచి రక్తనాళంలోంచి గుండెలోకి వెళ్ళే వైర్ల మీదా పొర కట్టుకుని కూర్చుంటాయి, మందు వాటిని పూర్తిగా చంపలేదు. ఆపిన కొన్నాళ్ళకి మళ్ళీ మొదలు. వైరు వెంట గుండె కవాటం దాకా పాకితే అసలు ప్రమాదం అప్పుడే. అందుకే పెట్టె ఒక్కటే మారిస్తే సరిపోదు, వైర్లతో సహా మొత్తం తీసేయాలి.

వేసి ఏడాది లోపైతే చాలావరకు నెమ్మదిగా లాగితేనే వచ్చేస్తాయట. నాన్నవి 2014వి కదా, ఈపాటికి రక్తనాళానికీ గుండె లోపలి గోడకీ అతుక్కుపోయి ఉంటాయి, మన పెరటి గోడలో రావి మొక్క వేళ్ళలాగా, ఊరికే పీకితే గోడే ఊడొస్తుంది. అందుకని వైరు మీదుగా సన్నటి గొట్టం పోనిచ్చి, లేజర్‌తోనో తిరిగే అంచుతోనో ఆ అతుకుల్ని విడదీస్తారు. మామూలుగా ఛాతీ కోయరు. మత్తిస్తారు.

ఈ ముక్క నాన్నకి చదవకు. పెద్ద సిరకో గుండెకో చిరుగు పడే ప్రమాదం ఉంది. యూరప్‌లో మూడున్నర వేల మంది వివరాలతో 2017లో వచ్చిన లెక్కల్లో పెద్ద ఇబ్బంది వచ్చింది నూటికి ఇద్దరిలోపే, దీనివల్ల ప్రాణం పోయింది రెండొందల్లో ఒకరికి. వదిలేస్తే ప్రమాదం అంతకంటే ఎక్కువ. సరేలే, చదువు, గుండె ఆయనది, ఆయనకి తెలియాలి.

దగ్గరని, తెలిసినవాళ్ళున్నారని ఎక్కడో ఒకచోట చేయించొద్దు. ఇది తరచూ చేసే చోటే చేయించాలి. ఏడాదికి ఎన్ని చేస్తారు, గుండె సర్జన్ అప్పుడు అక్కడే ఉంటారా, రక్తం సిద్ధంగా పెడతారా అని అడుగు. తమ్ముడు మొహమాటస్తుడు, నువ్వే అడుగు. రక్తం పలచబడే మాత్ర సొంతంగా ఆపొద్దు, వాళ్ళు చెప్పాకే. కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కి, అంటే అందులో ఏ క్రిములున్నాయో చూసే పరీక్షకి, తీయమను, ఇప్పటిదాకా వేసుకున్న మాత్రల పేర్లూ చెప్పు.

మిషన్ తీసేస్తే గుండె ఆగిపోదా అని నాన్న అడిగారుగా. ఆయన గుండె పూర్తిగా దాని మీదే నడుస్తుంటే, తాత్కాలికంగా ఇంకో వైరు పెట్టి బయటి మిషన్‌తో నడిపిస్తారు. రక్తంలో క్రిములు పోయాయని తేలాకే, అవసరమైతే కొత్తది కుడివైపు వేస్తారు. వైర్లే లేకుండా తొడ దగ్గర నుంచి గుండెలోకి పంపే చిన్న గొట్టం లాంటిది కూడా ఉంది, అది ఆయనకి పనికొస్తుందేమో అడుగు.

నిన్న బీరకాయ తొక్కు పచ్చడి చేశా, నువ్వులు వేసి. ఈసారి నీలాగే కుదిరింది, పిల్లలు కూడా తిన్నారు.

అక్కడ కూర్చుని ఉత్తరాలు రాస్తోంది కానీ రాదు అని పెద్దత్త అంటుందని నాకు తెలుసు. అననీ. ఇప్పుడే వచ్చేస్తే తీరా ఆపరేషన్ నాటికి సెలవు అయిపోతుంది. తేదీ చెప్పిన రోజే టికెట్ తీసుకుంటా.

రేపు పేస్‌మేకర్ కార్డు రెండు వైపులా ఫొటో తీసి పంపు, కంపెనీ, మోడల్, వేసిన తేదీ దాని మీదే ఉంటాయి. బీరువాలో ఎల్‌ఐసీ కాగితాల కవర్లో ఉండాలి, లేకపోతే నాన్న పాత బ్యాగులో చూడు.

నీ బుజ్జి