విరిగిన బ్రాకెట్లు, ఇకపై పట్టే అదనపు రోజులు

మిర్యాలగూడ రైస్ మిల్లుల యజమానులకు, హాలియా, దేవరకొండ వైపు వ్యవసాయ పనిముట్లు తయారుచేసే మిత్రులకు నమస్కారం.

గత నెల మా నల్గొండ ఫౌండ్రీ నుంచి వెళ్లిన ఎలివేటర్ (ధాన్యాన్ని పైకి ఎత్తే యంత్రం) బ్రాకెట్లలో ఆరు, బోల్టు బిగిస్తుండగానే విరిగాయి. తప్పు మాదే. ముక్కలు తెప్పించి చూస్తే, విరిగిన అంచు వెండిలా తెల్లగా ఉంది. చూడగానే విషయం అర్థమైంది. ఆ అంచు మందం 5 మిల్లీమీటర్లే. మేము పోసేది డక్టైల్ ఇనుము, అంటే లోపలి కార్బన్ గుండ్రని గ్రాఫైట్‌గా ఉండి, కొంత సాగే పోత ఇనుము. పల్చని చోట అది త్వరగా చల్లారుతుంది. కార్బన్‌కు గ్రాఫైట్ గుండ్లుగా చేరే వ్యవధి దొరకక, ఇనుముతో కలిసి కార్బైడ్‌గా గడ్డకడుతుంది. కార్బైడ్ ఎంతో గట్టిది, కానీ వంగదు, పగులుతుంది.

దీనికి మందు ఎనీలింగ్. పోతను సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు ఉంచితే కార్బైడ్ కరిగిపోయి, ఆ కార్బన్ గ్రాఫైట్‌లో చేరుతుంది. తర్వాత కొలిమిలోనే మెల్లగా చల్లార్చాలి. అప్పుడే ఫెర్రైట్ అనే మెత్తని ఇనుప రూపం ఏర్పడి, ఇనుముకు సాగే గుణం వస్తుంది. అదే పోతను బయటి గాలిలో చల్లారిస్తే, అంటే నార్మలైజింగ్ చేస్తే, పెర్లైట్ అనే గట్టి రూపం పెరుగుతుంది. బలం, అరుగుదలను తట్టుకునే శక్తి హెచ్చుతాయి, సాగుదల తగ్గుతుంది. 400/15, 700/2 అనే గ్రేడ్లు చెప్పేది ఇదే: మొదటి అంకె లాగుడును తట్టుకునే కనీస బలం, మెగాపాస్కల్స్‌లో (బలాన్ని కొలిచే ప్రమాణం); రెండోది తెగేలోపు కనీస సాగుదల శాతం.

అందుకే ఫోనులో "గట్టిగా ఉండాలి" అని మాత్రమే చెప్పకండి. భాగం ఎక్కడ బిగిస్తారో, దెబ్బ తగులుతుందో, రాపిడి ఉంటుందో చెప్పండి. పళ్ల చక్రానికి, బ్రాకెట్‌కు ఒకే వైద్యం పనికిరాదు.

వేడి చేస్తే ఏ పోతైనా బాగుపడుతుందా అని ఒక మిల్లు యజమాని అడిగారు. పడదు. గ్రాఫైట్ గుండ్రంగా రావడానికే కరిగిన ఇనుములో మెగ్నీషియం కలుపుతాం. పోయడంలో ఆలస్యమై దాని ప్రభావం తగ్గితే గ్రాఫైట్ గుండ్రంగా ఏర్పడదు. దాన్ని ఏ కొలిమీ సరిచేయలేదు. అలాంటి పోతను మళ్లీ కరిగించడమే.

ఇకపై పల్చని భాగాలేవీ ఎనీలింగ్ లేకుండా పంపము. మాకు అంత పెద్ద కొలిమి లేదు, హైదరాబాద్ పంపించాలి. కాబట్టి నాలుగు రోజులు అదనంగా పడుతుంది. వానాకాలం ధాన్యం మిల్లులకు చేరకముందే కావలసినవి సెప్టెంబరులోనే చెప్పండి. ఇప్పటికే తీసుకున్న ఆర్డర్లకు ఈ ఖర్చు మేమే భరిస్తాం.

మీ దగ్గరున్న పాత బ్రాకెట్ల అంచు పైపొర గీకి ఆకురాయితో రుద్ది చూడండి. కోయకుండా జారిపోతే బిగించవద్దు. ఫోను చేయండి, మా ఆటో వచ్చి తీసుకెళ్లి కొత్తవి ఇస్తుంది.