ట్యూబు పోలేదండీ, కండెన్సర్లు ఎండిపోయాయి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత వీడియో గేమ్ షాపుల మీద వేసిన కథనం చదివి కాసేపు తొంభైల్లోకి వెళ్లొచ్చాను. కానీ చివర్లో, పిక్చర్ ట్యూబులు పోయాయని ఆ షాపాయన మూడు మిషన్లూ తుక్కుకి వేసేస్తున్నారని రాశారు చూడండి, అక్కడ ప్రాణం ఉసూరుమంది. ఫొటోలో ఒక మిషన్ ఆన్‌లోనే ఉంది, బొమ్మ పైభాగం మడతపడి తెల్లగీతలు వచ్చాయి, రెండు పక్కలా లోపలికి కుంచించుకుపోయింది. అది ట్యూబు జబ్బు కాదు. ట్యూబు వీకైతే బొమ్మ మసకబారుతుంది, రంగులు అలుక్కుపోతాయి, అంతేగానీ మడతపడదు.

ఈ జబ్బు మా ఇంట్లోనే చూశాను. మా బాబాయి షాపు మూసేశాక ఒక మిషన్ గోడౌన్‌లో పడి ఉండేది, మనమంతా ముస్తఫా అని పిలిచిన గేమ్ అందులోదే (అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ వాళ్లది). మెకానిక్ వచ్చి చూసి ట్యూబు పోయిందని తేల్చేశాడు. సౌండు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేది. నాకు అనుమానమొచ్చి మానిటర్ బోర్డు ఊడదీశాను. అందులో టీవీల్లోలా చానళ్లు పట్టే ట్యూనర్ ఉండదు, గేమ్ బోర్డు నుంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లు నేరుగా వస్తాయి, మిగతాదంతా దాదాపు పాత కలర్ టీవీయే.

అసలు దొంగలు ఆ బోర్డు మీది ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు, అంటే చార్జిని నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటివి. వాటిలో ఒక ద్రవం ఉంటుంది, ఏళ్ల తరబడి వేడికి అది ఎండిపోతుంది. మామూలు మీటర్ పెడితే ఒక్కోసారి విలువ సరిగ్గానే చూపించి మోసం చేస్తుంది, ఈఎస్ఆర్ మీటర్ (కండెన్సర్ లోపలి నిరోధం కొలిచేది) పెడితేనే బండారం బయటపడుతుంది. కరెంటుని నిలకడ చేసే ఫిల్టర్ కండెన్సర్ ఎండితే బొమ్మ అంచులు అలల్లా ఊగుతాయి, వెడల్పు తగ్గుతుంది; బొమ్మని పైనుంచి కిందికి పరిచే చిప్, అదే వర్టికల్ ఐసీ, దాని పక్కనున్నది ఎండితే పైన మడత. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఇరవై రెండు కండెన్సర్లు తెచ్చాను, మొత్తం ఐదొందలు కూడా కాలేదు. మైక్రోఫరాడ్లు (కండెన్సర్ విలువ) అవే ఉండాలి, వోల్టేజి అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, 85 డిగ్రీల వేడి తట్టుకునేవి తీసేసి 105 డిగ్రీలవి వేస్తే మంచిది. ఒకటి ప్లస్సూ మైనస్సూ తిరగేసి పెట్టి ఢామ్మని పేల్చుకున్నాను, ఆ కంపు రెండ్రోజులు పోలేదు, మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. విప్పేముందు ఫొటో తీసుకుని ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు. అన్నీ మార్చాక కూడా బొమ్మ అదురుతుంటే చూశాను, యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండే తీగచుట్ట) వైర్లు గుచ్చే పిన్నుల చుట్టూ సోల్డర్‌కి సన్నటి పగుళ్లున్నాయి. మళ్లీ సోల్డర్ పెడితే బొమ్మ నిలబడింది.

ఇది చదివి ఎవరూ వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకోకండి, దయచేసి. కలర్ ట్యూబు మీద రబ్బరు టోపీ కింద ఇరవై వేల వోల్టుల పైమాటే ఉంటుంది, ప్లగ్ పీకేసినా ఆ చార్జి చాలాసేపు అలాగే ఉండిపోతుంది. ట్యూబు వెనక చుట్టి ఉన్న ఎర్త్ తీగకి క్లిప్ పెట్టి, ముందు ఆ చార్జి దింపాలి. పెద్ద ఫిల్టర్ కండెన్సర్లో కూడా కరెంటు నిలబడి ఉంటుంది. బోర్డుని ఇంటి కరెంటు లైను నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఆన్ చేసిన బోర్డు జోలికి అస్సలు వెళ్లొద్దు. పాత టీవీలు బాగుచేసిన పెద్ద మెకానిక్ ఎవరైనా ఉంటే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి, ఆయనకీ సంతోషమే.

ఇళ్ల టీవీలకు వాడే ఆ ట్యూబుల తయారీ ఎప్పుడో ఆగిపోయింది, గాజులో సీసం ఉంటుంది కాబట్టి పగలగొట్టి పారేయడం కూడా మంచిది కాదు. మీ విలేకరి దగ్గర ఆ షాపాయన ఫోన్ నంబరు ఉండే ఉంటుంది. మూడు మిషన్లలో దేనికైనా ట్యూబు మెడ దగ్గర ఎర్రగా హీటర్ (లోపలి సన్నటి తీగ) వెలుగుతోందేమో చూసి, వెలిగితే ట్యూబులో ఇంకా ఆశ ఉన్నట్టే కాబట్టి, తుక్కు బండివాణ్ణి ఒక్క వారం ఆగమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్