గోడకి ఇటు పారబోత, అటు డబ్బా పాలు

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మేం ఉండేది చెన్నై పెరంబూరులో. పోయిన నెల మా కోడలికి పాప పుట్టింది, నెలలు నిండే పుట్టింది, బానే ఉంది, కాకపోతే తల్లికి పాలు మరీ ఎక్కువ, రొమ్ములు రాయిలా గట్టిపడి జ్వరం వచ్చేస్తుంటే స్టీలు గ్లాసులోకి పిండి సింకులో పోసేది. ఒక్కరోజే నాలుగు గ్లాసులు పారబోశాం. ఆసుపత్రిలో మా పక్క రూములోనే ఏడో నెలకే పుట్టిన పిల్లాడు, వాళ్ళమ్మకి ఇంకా పాలు పడలేదని డబ్బా పాలు కలుపుతున్నారు. మా పాలు వాళ్ళకి ఇవ్వొచ్చా అని ఆసుపత్రి వాళ్ళని అడిగితే "అలాంటి ఏర్పాట్లు మా దగ్గర లేవమ్మా" అనేశారు. ఎక్కడున్నాయో కూడా చెప్పలేదు.

ఇక్కడే ఎగ్మోర్ గవర్నమెంటు పిల్లల ఆసుపత్రిలో మిల్క్ బ్యాంక్, అంటే తల్లులు దానంగా ఇచ్చిన పాలు దాచి అవసరమైన పిల్లలకి పట్టే చోటు, ఉందని ఇంటికొచ్చాక మా అబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు. ఇదేమన్నా నిన్నటి సంగతా అండి, 1909లోనే వియన్నాలో మొదటిది పెట్టారు, ముంబై సయన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ గారు 1989లో మొదలుపెట్టింది ఆసియాలోనే మొదటిదట. మా అమ్మమ్మ రోజుల్లో బ్యాంకూ లేదు గీంకూ లేదు, బాలింతకి పాలు పడకపోతే పక్కింటి పిన్ని బిడ్డని ఒళ్ళో వేసుకునేది. కృష్ణుడు పెరిగింది యశోదమ్మ పాలతోనే. పూతన కూడా పాలిస్తాననే వచ్చిందనుకోండి, అందుకే ఇప్పుడు ఇచ్చే తల్లికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ టెస్టులు చేసి, పాలని 62.5 డిగ్రీల్లో అరగంట ఉంచి, ఆ తర్వాత మైనస్ 20లో ఫ్రీజ్ చేస్తారు. ఇవేవీ లేకుండా వాట్సాప్ గ్రూపుల్లో అడిగి తెచ్చుకోవడమంటే నాకైతే భయమే. నెల తక్కువ పిల్లల పేగులు చాలా సున్నితం, డబ్బా పాలతో పేగు దెబ్బతినే జబ్బు రిస్క్ ఎక్కువ, తల్లి పాలు లేకపోతే దాత పాలే నయం అంటారు డాక్టర్లు.

తల్లిపాలు అమ్మకూడదని 2024లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అదే తిండి వస్తువుల భద్రత చూసే కేంద్ర సంస్థ, గట్టిగా చెప్పింది, మంచి పనే, లేకపోతే లేనింటి తల్లి సొంత బిడ్డకి తగ్గించి అమ్ముకునే రోజులొచ్చేవి. కానీ ఊరికే ఇస్తామన్నోళ్ళకి దారి చూపించాలి కదా? బ్రెజిల్‌లో కొన్నిచోట్ల ఫైర్ సర్వీసోళ్ళే ఇంటికొచ్చి పట్టుకెళ్తారు. పచ్చి బాలింత ఐస్ బాక్స్ పట్టుకుని పెరంబూరు నుంచి ఎగ్మోర్ ఆటోలో పోతుందా చెప్పండి!

కాన్పులు చేసే ప్రతి ఆసుపత్రిలో, ప్రైవేటు వాటిల్లో కూడా, పాలు ఎక్కడ ఇవ్వొచ్చో తమిళంలోనూ తెలుగులోనూ ఒక బోర్డు పెట్టించాలి, కింద మిల్క్ బ్యాంక్ ఫోన్ నెంబరుతో. పాలు తీసుకెళ్ళడానికి వారానికి రెండుసార్లు బండి పంపితే ఇంకా మేలు. ముందు మీ చెన్నై పేజీలో ఒక మూల ఆ నెంబరు వేయండి, మా వీధిలోనే ఇంకో ఇద్దరు బాలింతలున్నారు.

— ఒక నాయనమ్మ, పెరంబూరు, చెన్నై