తెరచాప పడవలు ఇక మా షెడ్డులో దింపుకోం, మేమే మీ ఇంటికొస్తాం

మా కస్టమర్లందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మా ఫైబర్ షాపు తెలిసినవాళ్లకు పరిచయం అక్కర్లేదు. తెలియనివాళ్లకు ఒక్క ముక్క: బస్సుల ముందు నోసులు, లారీ క్యాబిన్ల మీద టాపులు, నీళ్ల తొట్లు, చేపల చెరువుల్లో మేత వేసుకునే చిన్న పడవలు, ఇదీ మా రోజువారీ పని. ఈమధ్య వీటికి తోడు పాత డింగీలు రిపేరుకు వస్తున్నాయి. డింగీ అంటే ఇద్దరు ముగ్గురు ఎక్కి తెరచాపతో నడుపుకునే చిన్న పడవ. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎవరో మూలన పడేసినవి కొని, లారీ మీద వేయించుకొని తెచ్చి మా షెడ్డులో దింపుతున్నారు. "చేసిపెట్టన్నా, అయ్యాక ఫోన్ చెయ్" అని వెళ్లిపోతున్నారు.

ఆ పద్ధతి ఆపేస్తున్నాం. ఇకమీదట పడవ మీ ఇంటి దగ్గరే ఉంటుంది. సామాను మేమిస్తాం, మ్యాటు (గాజు నారల పరుపు) వేసే రోజు మా కుర్రాళ్లు వస్తారు, రుద్దుడు, ఆరబెట్టుడు, రంగు మీ పని. ఇప్పటికే షెడ్డులో ఉన్నవాటిని మాట ఇచ్చినట్టే పూర్తిచేసి ఇస్తాం. చేపల చెరువుల పడవల ఆర్డర్లకు దీంతో సంబంధం లేదు, అవి మామూలే.

ఎందుకో దాపరికం లేకుండా చెబుతాను. పాత ఫైబర్ పడవ రిపేరులో చేసే పని కన్నా ఆగే పని ఎక్కువ. పైకి చూస్తే రంగు వెలిసిన పడవే, పొరల్లో మాత్రం నీళ్లుంటాయి. పైనుండే నున్నటి రంగు పొర, అంటే జెల్‌కోటు, నీళ్లను పూర్తిగా ఆపదు, ఏళ్ల తరబడి తడిలో ఉంటే కొద్దికొద్దిగా లోపలికి దిగుతాయి. అవి లోపల గాజు నారలను పట్టి ఉంచే రెజిన్‌ను పాడుచేస్తాయి, అక్కడ పులుపు నీరు చేరి జెల్‌కోటు బొబ్బల్లా ఉబ్బుతుంది. దానిమీద ఎంత ఖరీదైన పెయింటు వేసినా తర్వాతి ఎండాకాలానికి పెచ్చులు లేస్తుంది. అందుకని ముందు ఆరాలి. వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు. అన్నాళ్లూ రెండు బస్సు నోసులు పట్టే చోటు ఆ ఒక్క పడవకే పోతుంది. షెడ్డు అద్దె ఆగదు. రోజుకో ఫోను: "ఎంతవరకు వచ్చిందన్నా?" "ఆరుతోందండి." "మొన్నా అదే చెప్పావుగా!" ఆరుతున్నందుకు డబ్బులడిగే మొహం నాకు లేదు, ఊరికే పెట్టుకునే స్తోమతా లేదు. పైగా పక్కనే లారీ టాపులకు గ్రైండర్ పెడుతుంటే ఆ దుమ్మంతా మీ ఆఖరు కోటు మీదే వాలుతుంది. అదే మీ పెరట్లోనో, అపార్టుమెంటు కింద పార్కింగులోనో బోర్లా పడుకోబెడితే దానికి అద్దె లేదు, తొందర అంతకన్నా లేదు. (పార్కింగ్ అయితే అసోసియేషన్ వాళ్లను ముందే అడగండి. థిన్నర్ వాసనకు మొదటి అంతస్తువాళ్లు తప్పకుండా కిందికి దిగుతారు.)

తాడేపల్లిలో నేవీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇలాగే చేసుకుంటున్నారు. ఆయన్ని చూశాకే ఈ పద్ధతి కుదురుతుందని నాకు నమ్మకం వచ్చింది. ఆయనది ఎంటర్‌ప్రైజ్ రకం డింగీ. ఇంగ్లండులో జాక్ హోల్ట్ 1956లో గీసిన డిజైను, పొడవు పదమూడు అడుగుల పైచిలుకు, నీలం తెరచాపలు దాని గుర్తు. మొదట్లో ప్లైవుడ్‌తోనే కట్టేవాళ్లు, తర్వాత ఫైబర్‌లోనూ వచ్చాయి. ఈయనది ఫైబరే. నేను వెళ్లేసరికి లుంగీ ఎగ్గట్టి పడవ పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. చేతిలో ఐదు రూపాయల బిళ్ల. బెత్తెడుకో దెబ్బ కొట్టుకుంటూ ముందు నుంచి వెనక్కి వస్తున్నారు. గట్టిగా ఉన్నచోట టంగు టంగుమంది, పొరలు విడిపోయినచోట చప్పుడు చచ్చిపోయి దబ్బుమంది. అలాంటి చోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీశారు. "ఏమయ్యా, దీనికి అమ్మవారు పోసినట్టుంది కదా" అన్నారు. సుద్ద గీతల మధ్య ఒక బొబ్బను స్క్రూడ్రైవర్ మొనతో నేను చిదిపాను. బొటబొటా రెండు చుక్కలు కారాయి, వెనిగర్‌లా పుల్లటి వాసన. ఆ వాసన వస్తే ఇక అనుమానం అక్కర్లేదు, బొబ్బలన్నీ తెరవాల్సిందే. తెరిచాక ట్యాంకు నీళ్లతో, మళ్లీ మళ్లీ కడగాలి. లోపల మిగిలిన ఆ పులుపు గాల్లోని తేమను లాక్కుంటుంది, కడగకుండా ఎండలో ఎన్నాళ్లు పెట్టినా ఆరదు.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటరు కొననక్కర్లేదు. జానెడు పాలిథిన్ ముక్కను తెరిచిన చోట పరిచి, నాలుగు అంచులా టేపు వేసి మర్నాటిదాకా వదిలేయండి. లోపలివైపు చెమట పడితే ఇంకా నీళ్లున్నట్టు. ఇది చూడకుండా మ్యాటు వేయడానికి మా కుర్రాళ్లను పంపను. ఫోటో తీసి పంపండి, చాలు.

మన ఊళ్లో ఈ పనికి సంక్రాంతి నుంచి ఉగాది దాకా మంచి అదను. ఏప్రిల్, మే ఎండలకు పడవ బాగా ఆరుతుంది, అది నిజమే, కానీ రెజిన్ మగ్గులోనే గడ్డకట్టి పొగలు కక్కుతుంది. అప్పుడు చేయాలంటే తెల్లవారుజామున లేవాలి, గ్లాసెడు కన్నా ఎక్కువ కలపకూడదు. వానాకాలంలో మ్యాటు పని మేం ఒప్పుకోం, రంగు మీరూ పెట్టుకోవద్దు. తేమకు పెయింటు తెల్లగా పాలిపోతుంది, మెరుపు పోతుంది. వానల్లో తాళ్లు, చుక్కాని, తెరచాప చూసుకోవచ్చు. అన్నట్టు, తెరచాప గుడ్డ కన్నా ముందు ఎండకు కుట్లు చస్తాయి. లారీ టార్పాలిన్లు కుట్టేవాళ్ల దగ్గర జిగ్‌జాగ్ మెషిన్ ఉంటే పాలిస్టర్ దారంతో కుట్టించండి, నూలు దారం వద్దు.

సామాను విషయానికొస్తే, రెజిన్‌లో రెండు రకాలు, మామూలుగా వాడే పాలిస్టర్, ఖరీదైన ఎపాక్సీ. కౌంటర్ దగ్గర రోజూ జరిగే గొడవ ఎపాక్సీ సంగతి. ఎవరో వీడియో చూసి ఎపాక్సీ అడుగుతారు, దాంతోపాటు చదరపు మీటరుకు నాలుగొందల యాభై గ్రాములు తూగే మ్యాటు కట్టమంటారు. ఆ మ్యాటులో నారలను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్‌కు కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి మ్యాటు బిర్రబిగుసుకుపోయి మూలల్లో ఒదగదు, కింద గాలి ఉండిపోతుంది. ఎపాక్సీ అయితే నేసిన గ్లాసు గుడ్డ తీసుకోండి. మ్యాటు అయితే పాలిస్టర్. ఎపాక్సీ ఖరీదు, నాకు లాభం అందులోనే ఎక్కువ, అయినా చెబుతున్నాను: చిన్న దెబ్బలకు, ఏడాదిలో పది నెలలు గోడకానుకుని ఉండే పడవకు పాలిస్టర్ సరిపోతుంది. నీళ్లకిందికి వచ్చే చోట, బొబ్బలు పూడ్చే చోట, చెక్క ఫైబరుకు అతికే చోట ఎపాక్సీకే ఖర్చుపెట్టండి. పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోటు సరిగా పట్టదు, కాబట్టి ఒకసారి ఎపాక్సీ వేశాక పైన పెయింటే వేయాలి, జెల్‌కోటు ఆశ వదులుకోండి.

హార్డనర్ గురించి గట్టిగా చెప్పాలి. పాలిస్టర్ గడ్డకట్టడానికి వాడే హార్డనర్, ఆ పనిని త్వరపెట్టే కోబాల్ట్, ఈ రెండూ నేరుగా కలిస్తే భగ్గున అంటుకుంటుంది, పేలనూ పేలుతుంది. అందుకే ఇంటి పనికి కోబాల్ట్ విడిగా అమ్మడం మానేశాం, ముందే కలిపిన రెజినే ఇస్తాం. మీరు కలపాల్సింది హార్డనర్ ఒక్కటే, నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు, ఎండాకాలంలో ఒకటి వైపే. ఆ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు లేకుండా మూత తీయొద్దు, పడితే కనీసం పావుగంట ఆపకుండా నీళ్లతో కడుగుతూ ఆస్పత్రికి పరుగెత్తాలి. అద్దాలు కొననివాళ్లకు హార్డనర్ ఇవ్వం. దీనిమీద ఒకాయన నాతో పోట్లాడి వెళ్లిపోయారు, సరే, వెళ్లనీ.

దెబ్బతిన్న చోట చెక్కేటప్పుడు అంచులు వాలుగా రావాలి, మందానికి పన్నెండు రెట్లు. గోడ మూడు మిల్లీమీటర్లుంటే చుట్టూ మూడున్నర సెంటీమీటర్ల పైన వాలు. ఇది చూసి చాలామంది "చిన్న బొక్కకి ఇంత చెక్కాలా" అంటారు. చెక్కకుండా పైన అతికించిన ముక్క ఒక ఒత్తిడికి మూతలా ఊడి వస్తుంది. రుద్దడానికి ముందు బనియన్ వేస్ట్‌తో, థిన్నర్‌తో పడవ మీది మైనం తుడవాలి, లేకపోతే గరుకు పేపరు ఆ మైనాన్ని గీతల్లోకి కుక్కేస్తుంది. ఇక ఆటోనగర్‌లో డెంటింగ్‌వాళ్లు కార్లకు వాడే పుట్టీ చవగ్గా వస్తుందని నీళ్లకింది భాగానికి రాయొద్దు. అందులో టాల్కం ఉంటుంది, నీళ్లు పీలుస్తుంది.

పడవలోకి నీళ్లు కారే చోటు మాత్రం ఎక్కువగా అడుగున ఉండదు. డింగీ మధ్యలో కిందికి దించే పలక ఒకటుంటుంది, గాలికి పడవ పక్కకు జరిగిపోకుండా. ఆ పలక దిగే పెట్టె మూలల్లో వెంట్రుకంత పగుళ్లుంటాయి. పడవను స్టాండ్ల మీద పెట్టి, కింద చీలికకు టేపు వేసి, పెట్టెలో నీళ్లు పోసి చూడండి, ఎక్కడ చెమరుస్తుందో అదే చోటు. పెద్దాయన పడవ కారుతున్నదీ ఇక్కడే: ముందు మూలలో కుడివైపు. ఆయన మాత్రం వెనక చుక్కాని దగ్గరని పందెం కట్టారు, ఓడిపోయి ఆటోనగర్ దాకా వచ్చి మా కుర్రాళ్లకు చికెన్ పకోడీ పెట్టించారు. గాలి పెట్టెలకు సబ్బు నీళ్లు పూసి సైకిల్ పంపుతో మెల్లగా ఊదండి, బుడగలు వచ్చేచోట గుర్తుపెట్టుకోండి. కంప్రెసర్ పెట్టొద్దు, అతుకులు విచ్చుకుంటాయి. తిరగబడినా పడవ తేలేది ఆ పెట్టెల మీదే, కాబట్టి అవి కారుతుంటే రంగు సంగతి తర్వాత.

రంగు. టూ ప్యాక్ పీయూ (హార్డనర్ కలిపి వేసే పాలీయురెథేన్ పెయింటు) గట్టిగా ఉంటుంది, మెరుపు నిలుస్తుంది. కానీ దాని హార్డనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది, స్ప్రే చేస్తే ఆ తుంపర ఊపిరితిత్తులకు మంచిది కాదు, మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. ఇళ్ల మధ్య స్ప్రేకు మా కుర్రాళ్లను పంపం. ఫోము రోలర్‌తో పలచగా వేసి, వెంటనే మెత్తటి బ్రష్ కొసతో ఒకసారి నిమిరితే స్ప్రేకు దగ్గరగానే వస్తుంది, ఒకరు రోలర్, ఒకరు బ్రష్, ఇద్దరుండాలి. పాత రంగు గేటు ఎనామిల్ అయితే దానిమీద టూ ప్యాక్ వేయొద్దు, ముడతలు పడి లేచిపోతుంది. అనుమానముంటే థిన్నర్ గుడ్డతో రుద్దండి, రంగు గుడ్డకు అంటితే పాతది గీకేయాలి. పెద్దాయన పడవకు గీకుతుంటే తెలుపు కింద ఆకుపచ్చ, దానికింద నీలం, ఎవరెవరి చేతుల్లో తిరిగిందో. డబ్బులు ఆలోచించేవాళ్లకు మామూలు ఎనామిలే చాలు, రెండేళ్లకోసారి మళ్లీ వేసుకుంటారు, అంతే. ముదురు రంగులు అడగొద్దు, మన ఎండకు వేడెక్కి లోపలి మ్యాటు నారల అచ్చు పైకి కనిపిస్తుంది. నాచు, గుల్లలు పట్టకుండా సముద్రపు పడవల అడుగుకు వేసే రాగి పెయింటు కూడా అడుగుతున్నారు. పని కాగానే పైకి తీసుకొచ్చే పడవకు దాంతో అవసరం లేదు, తెప్పించడం లేదు.

రేట్లు బోర్డు మీద పెట్టడం లేదని కొందరు నిష్ఠూరమాడారు. రెజిన్ ముడిసరుకు పెట్రోలియం నుంచే వస్తుంది, అది కదిలినప్పుడల్లా డ్రమ్ము రేటు కదులుతుంది. అడిగిన రోజు రేటు చీటీ మీద రాసిస్తాం, వారం వరకు దానికే కట్టుబడతాం. మిగిలిన డబ్బాలు సీలు విప్పకపోతే వెనక్కి తీసుకుంటాం, హార్డనర్ మాత్రం తీసుకోం. గ్రైండర్ అద్దెకిస్తాం, మాస్కు, గాగుల్స్ దానితోపాటే వస్తాయి.

నది సంగతి నా వ్యాపారం కాదు, అయినా ఒక మాట. 2017 నవంబరులో కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర జరిగిన పడవ ప్రమాదం అందరికీ గుర్తే. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లకు తగిలినప్పుడు ఊరంతా చూసింది. అనుమతులు మీరు కనుక్కోవాలి, లైఫ్ జాకెట్ లేకుండా దిగొద్దు, వానాకాలంలో పడవను ఒడ్డున తాడుతో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి.

షాపుకొచ్చేటప్పుడు సుద్ద గీతలు గీసిన పడవ ఫోటోలు, పొడవు వెడల్పులు, తెలిస్తే గోడ మందం, పాత రంగు పెచ్చు ఒకటి పట్టుకురండి. పాలిథిన్ ఫోటో వాట్సాప్ చేస్తే మ్యాటు వేసే రోజు ఖాయం చేస్తాం. ఆదివారం మధ్యాహ్నం దాకే ఉంటాం.