క్లింకర్ తగ్గించే పనిలో మన సంఘం: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మేళ్లచెరువు, మఠంపల్లి, చింతలపాలెం, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో ఉండే మనకు సిమెంటు ఫ్యాక్టరీ అంటే దుమ్ము, బ్లాస్టింగ్, లారీలు. ఇన్నేళ్లూ మన వినతిపత్రాలన్నీ వాటి మీదే. కంటికి కనిపించని కార్బన్ డయాక్సైడ్ మీద కూడా పనిచేయాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ప్రపంచమంతా కలిపి వదిలే ఈ వాయువులో 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీదే. కృష్ణా తీరంలో తవ్వుతున్న సున్నపురాయికి అందులో వాటా ఉంది.

ముందు మనం నేర్చుకోవాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో సోలార్ పెట్టి, బొగ్గు తగ్గిస్తే చాలని మనలో చాలామంది అనుకున్నాం. కిల్న్ (సున్నపురాయిని కాల్చే కొలిమి) విభాగంలో పనిచేసి రిటైరైన మన సభ్యుడొకరు బోర్డు మీద లెక్క వేసి చూపించారు. స్వచ్ఛమైన సున్నపురాయి ఒక టన్ను కాలిస్తే మిగిలే సున్నం 560 కిలోలు. మిగతా 440 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. కిల్న్‌ను 1450 డిగ్రీల దాకా వేడెక్కించే బొగ్గు, పెట్‌కోక్ (పెట్రోలియం శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి ఇంధనం) పొగ దీనికి అదనం. మొత్తంలో సగానికి పైగా రాయి నుంచే వస్తోందంటే, ఇంధనం పూర్తిగా మార్చినా ఆ సగం అలాగే ఉంటుంది. నార్వేలోని బ్రెవిక్‌లో 2025 జూన్‌లో ప్రారంభమైన కర్మాగారంలో ఏడాదికి 4 లక్షల టన్నుల వాయువును పట్టి సముద్రం అడుగున దాచే ఏర్పాటు చేశారు. మన దగ్గర అది ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది. ఇప్పుడే చేయగలిగింది సిమెంటులో క్లింకర్ పాలు, అంటే సున్నపురాయిని కిల్న్‌లో కాల్చి తీసే గడ్డల పాలు, తగ్గించడం. ఈ ఏడాది మన పనంతా దాని చుట్టూనే నడిచింది.

ఫ్యాక్టరీలకు ఉత్తరాలు రాశాం. టన్ను సిమెంటులో క్లింకర్ ఎంత, కిల్న్ నుంచి బయటికి పోయే వేడి గాలితో కరెంటు తీస్తున్నారా, టన్నుకు వదిలే వాయువు ఎంత అని అడిగాం. ఒక యాజమాన్యం పిలిచి ప్లాంటు తిప్పి చూపించింది. మిగతావాళ్లు జవాబివ్వలేదు. 2025 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ దేశంలోని 186 సిమెంటు యూనిట్లకు టన్ను ఉత్పత్తికి ఎంత వాయువు మించకూడదో లక్ష్యాలు ప్రకటించింది. 2023–24ను ఆధారంగా తీసుకుని 2025–26కూ, 2026–27కూ అంకెలు ఇచ్చింది. లక్ష్యం అందుకోలేని యూనిట్, లక్ష్యం కంటే తక్కువ వదిలిన యూనిట్లకు వచ్చే కార్బన్ క్రెడిట్లు కొనుక్కోవాలి. ఈ అంకె రహస్యమేమీ కాదు. ప్రతి ఫ్యాక్టరీ దాన్ని గేటు దగ్గర తెలుగులో బోర్డు మీద రాయాలన్నది మన డిమాండ్. దీన్ని వదిలిపెట్టం.

ఒక విస్తరణ ప్రతిపాదన మీద జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు కూడా వెళ్లాం. తెలుగు సారాంశం చాలా ఆలస్యంగా చేతికొచ్చింది. దుమ్ము, నీటి గురించి అందులో పేజీలు ఉన్నాయి గానీ గ్రీన్‌హౌస్ వాయువుల గురించి రెండు మూడు వాక్యాలకు మించి లేవు. మన ప్రశ్నలు రికార్డులో నమోదు చేయించాం. ఫ్యాక్టరీ మూసేయమని మనం ఎక్కడా అడగలేదు. మన పిల్లలు అందులో పనిచేస్తున్నారు, మన లారీలు అక్కడే లోడవుతున్నాయి. పెంచే ప్రతి టన్నూ తక్కువ క్లింకర్‌తో తయారవ్వాలన్నదే మన మాట.

ఎక్కువ తృప్తినిచ్చింది మేస్త్రీల శిక్షణ. స్లాబుకు 53 గ్రేడ్ ఓపీసీ (బూడిద లాంటివి కలపని మామూలు సిమెంటు) తప్ప వేరేది వద్దనే మాట మన ఊళ్లలో బలంగా పాతుకుపోయింది. థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన సిమెంటు అయిన పీపీసీలో, ప్రమాణాల ప్రకారం 35 శాతం వరకు బూడిద ఉండవచ్చు. బూడిద 30 శాతం ఉన్న 50 కిలోల బస్తాలో క్లింకర్ 32 కిలోల దగ్గర ఉంటుంది, 53 గ్రేడ్‌లో 45 కిలోల పైనే. ఇంధనం వదిలేసి రాయి నుంచి వచ్చే వాయువునే లెక్కేసినా బస్తాకు ఏడు కిలోలు తగ్గుతుంది. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 400 బస్తాలనుకుంటే దాదాపు మూడు టన్నులు.

మేస్త్రీలు చెప్పిన అభ్యంతరం న్యాయమైనదే. పీపీసీ నెమ్మదిగా గట్టిపడుతుంది, సెంట్రింగ్ ఎక్కువ రోజులు ఉంచాలి, అద్దె పెరుగుతుంది, ఇంటివాళ్లు తొందరపెడతారు. బూడిద సిమెంటులోని సున్నంతో కలిసి బలపడటానికి సమయం, తడి రెండూ కావాలి. మన ఎండలకు ఓపీసీకి కనీసం 10 రోజులు, పీపీసీకి 14 రోజులు నీళ్లు పట్టాలని ప్రమాణాల పుస్తకం చెబుతోంది. ఆ నాలుగు రోజుల నీళ్లు పట్టకపోవడం వల్లే పీపీసీకి చెడ్డపేరు వచ్చిందని సీనియర్ మేస్త్రీలే ఒప్పుకున్నారు. సెంట్రింగ్ అద్దె భారం ఎవరు మోయాలన్నది మాత్రం తేలలేదు.

డిసెంబరు ఎన్నికల తర్వాత కొత్తగా వచ్చిన సర్పంచులను కలిసి, పంచాయతీ పనుల్లో వీలున్న చోటల్లా పీపీసీ వాడేలా ఇంజినీర్లతో మాట్లాడమని కోరాం. కొందరు ఆసక్తి చూపారు.

పత్తి కట్టె, మిరప కట్టెను కిల్న్‌లో ఇంధనంగా వాడాలన్న ప్రతిపాదన ముందుకు సాగలేదు. సేకరణ, రవాణా ఖర్చు రైతుకు గిట్టుబాటు కావడం లేదు.

ఒక హెచ్చరిక కూడా కార్యవర్గం దృష్టిలో ఉంది. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది కాబట్టి బూడిదకు ఇప్పుడు కొరత లేదు. కానీ బొగ్గు కరెంటు తగ్గేకొద్దీ బూడిద కూడా తగ్గుతుంది, తగ్గాలి కూడా. అందుకని కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపిన ఎల్‌సీ3 సిమెంటు మీద దృష్టి పెట్టాం. దీనికి మన దేశంలో 2023లో ప్రమాణం వచ్చింది. ఇందులో క్లింకర్ సగమే, మట్టిని కాల్చడానికి 800 డిగ్రీల దగ్గర వేడి సరిపోతుంది. వచ్చే ఏడాది దీనిపై ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకులతో సదస్సు పెడతాం.

దుమ్ము గురించిన ఫిర్యాదులు వెనకబడ్డాయని కొందరు సభ్యులు బాధపడ్డారు. వాటిపై వేసిన ఉపసంఘం నెలనెలా కలుస్తూనే ఉంది, దాని నివేదిక విడిగా ఇస్తున్నాం. ఆదాయ వ్యయాల పట్టిక కూడా జతచేశాం.

ఈ వేసవిలో ఇల్లు కట్టబోయే సభ్యులు ముందుగా కార్యాలయంలో చెబితే, శిక్షణ పొందిన మేస్త్రీలతో మాట్లాడిస్తాం.

ఇట్లు,
కార్యవర్గం తరఫున,
ప్రధాన కార్యదర్శి