భోగి మంటలో ఊలు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న భోగినాడు మా వీధి మంటలో ఎవరో పాత గుమ్మం తోరణాలు, ఎద్దుల మెడలో కట్టే ఊలు కుచ్చుల దండలు తెచ్చి పడేశారు. అవి కట్టెల్లా కాలలేదు. కరిగి, నల్లటి బొట్లుగా కారాయి. పొగ గొంతు పట్టేసింది. చంటిపిల్లల్ని చంకనేసుకుని చలి కాచుకుంటున్న తల్లులు దగ్గుకుంటూ వెనక్కి జరిగారు.

మన కొట్లలో ఊలు అని అమ్మే దారం చాలావరకు ఉన్ని కాదు, అక్రిలిక్. ముడిచమురు నుంచి తీసే అక్రిలోనైట్రైల్ అందులో 85 శాతానికి తగ్గకుండా ఉంటుంది. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ 1950లో ఆర్లాన్ పేరుతో దీన్ని బజారుకు తెచ్చింది. ఇది కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు ఉంటుంది. పేరుకే ఊలు, గొర్రెకూ దానికీ సంబంధం లేదు. అసలు మన నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి మీద ఉండేది వెంట్రుకే, వడికే ఉన్ని కాదు.

ఇరవై ఏళ్లుగా ఆడపిల్లలకు అల్లికలు నేర్పుతున్నాను. నేనూ ఈ దారంతోనే నేర్పాను. చవక, రంగులు మెరుస్తాయి, ఉతికినా కుంచించుకుపోదు. అల్లగా మిగిలిన ముక్కలు పెరట్లో ఊడ్చేసేదాన్ని. కిందటి ఉగాదికి బంతి మొక్క కుండీలో ఒక నూలు ముక్క, ఒక ఎర్ర ఊలు ముక్క ముడేసి పాతిపెట్టాను. పండక్కి కుండీ బోర్లించి చూస్తే నూలు దాదాపు మట్టిలో కలిసిపోయింది, మిగిలిన రెండు పీచులు వేళ్ల మధ్య నలిగిపోయాయి. ఎర్ర దారాన్ని కుళాయి కింద కడిగితే కొత్తదానిలా ఉంది. వేసిన ముడి వేసినట్టే ఉంది.

వాడుతున్నప్పుడూ ఇది ఊరుకోదు. 6 కిలోల అక్రిలిక్ బట్టలు ఒక్కసారి మెషీన్లో వేస్తే 7 లక్షలకు పైగా సన్నటి పోగులు నీళ్లలోకి పోతాయని ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో లెక్కగట్టారు. మన కాలువలు చివరికి చేరేది సముద్రానికే. కొత్తపట్నం ఒడ్డున కొనే చేప మన కంచంలోకే వస్తుంది.

అనుమానముంటే చిన్న పోగు తీసి, ఆరుబయట పట్టకారుతో పట్టుకుని అంటించి చూడండి. ఉన్నయితే కాలిన వెంట్రుక వాసనొచ్చి, బూడిద నలిగిపోతుంది. నూలైతే కాగితం కాలిన వాసన. అక్రిలిక్ అయితే గట్టి నల్లపూసలా మిగులుతుంది. నూలుకూ లోపాలున్నాయి, పత్తి చేలో కొట్టే మందులు, అద్దకం నీళ్లు తక్కువేమీ కావు. అయినా దాని ముక్క మట్టిలో కలుస్తుంది. పొరుగున చీరాలలో మగ్గాలుండగా మనకు నూలు కరువా?

దారం ఉండ మీద అది దేనితో చేసిందో తెలుగులో పెద్దక్షరాలతో రాయించాలి. డ్వాక్రా మహిళలకు కుట్లు, అల్లికలు నేర్పేచోట నూలు దారంతో మొదలుపెట్టించాలి. నేను ఈ నెల నుంచే మొదలుపెట్టాను, పిల్లలు తోరణం బాగానే అల్లుతున్నారు, బరువుగా వేలాడుతోంది కూడా. అన్నిటికన్నా ముందు, వచ్చే భోగికి వారం ముందే పంచాయతీలు మైకులో చెప్పించాలి: పాత ఊలు తోరణాలు, ఎద్దుల దండలు మంటలో వేయొద్దు, పొడి చెత్త బండికివ్వండి అని.

– ఒక అల్లికల టీచరు, టంగుటూరు, ప్రకాశం జిల్లా